ఒక్క ఆకు కూడా అడ్డం లేదు

జూన్ 4

పొట్టీ,

పైనున్న తండ్రి ఆ బస్సు డిపోలో నిన్నూ, నీ చేతిలో రిపేరు పానాలనూ కాపాడుగాక. మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టకూడదు కాబట్టి ఈసారికి ఆ అలవాటు మానేశాను.

నాన్న జీపు కాగుతోంది. రెండు నెలలుగా ఇదే వరస. ఊరి నుంచి రంపపు మిల్లు దాకా మేకపిల్లలా గెంతుతుంది. కొండెక్కడం మొదలుపెట్టామా, ఏడో మలుపుకి వచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద కూర్చుంటుంది. బానెట్టు కింద నుంచి ఆవిరి, మూత దగ్గర బుసబుస. ఆపి, నలభై నిమిషాలు చల్లారనిచ్చి, వాగు నీళ్ళు పోసి మళ్ళీ బయలుదేరాలి. పైన ఇంకోసారి ఇదే తంతు.

పరిశుద్ధ గ్రంథంలో ఒక గాడిద ఉంది, చిన్నప్పుడు నీకు చెప్పాను. ఎదురుగా దేవదూత కత్తి దూసి నిలబడితే అది దారి తప్పుకుంది. యజమానికి దూత కనబడలేదు, దాన్ని మూడుసార్లు బాదాడు. నేనూ ఈ జీపుని మూడుసార్లు తిట్టాను. నాలుగోసారి నోరు రాలేదు. నాకు కనబడనిది దీనికేమైనా కనబడుతోందేమో అనిపించింది.

నవ్వుకో. కానీ నవ్వే సంగతి కాదు. మీ వదిన గుండె కవాటం అరిగిందని నీకు తెలుసు. పదిహేను రోజులకోసారి కొండ దాటించి ఆసుపత్రిలో చూపించాలి. డాక్టరమ్మ పోయినసారి నన్ను పక్కకి పిలిచి చెప్పింది: "ఆయాసం పెరిగి పెదాలు నీలంగా మారితే ఇంట్లో కూర్చుని చూడకండి. రెండు గంటల్లో ఆవిడ ఇక్కడ ఉండాలి." బండి ఆగకపోతే కొండ దాటడానికి గంటంపావు. ఆగితే ఏమవుతుందో నువ్వే చెప్పు. ఈ ఊళ్ళో చక్రాలున్నవి ఇంకో రెండే. వారానికి మూడు రోజులు వచ్చే పాల లారీ, రెండు రోజులు వచ్చే పోస్టుమాన్ సైకిలు. ఫోనంటావా, ఇక్కడ దానికి సిగ్నలు అందదు, టైము చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మొన్నటి కూటంలో నరకాగ్ని గురించి గంటసేపు ప్రసంగించాను. వెనకనుంచి వడ్రంగి లేచి, "అయ్యగారూ, ఆ వేడి మీ జీపులో ఎక్కి చూశాం, ఇక పాపం చెయ్యం లెండి" అన్నాడు. సంఘమంతా ఒకటే నవ్వు. మీ వదిన అందరికంటే ఎక్కువ నవ్వి, ఆయాసపడి, కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళింది.

నాన్న దగ్గర నువ్వు ఇంజను నేర్చుకున్నావు, నేను హారను నేర్చుకున్నాను. ఆయన మాటే అది. ఇప్పుడు ఇంజను మాట కావాలి. రాయి.

నీ అన్నయ్య,
హారను


జూన్ 13

హారనన్నయ్యా,

నీ ఉత్తరం డిపో గుమ్మంలో నిలబడే చదివాను. వదిన నవ్విందన్న చోట ఆగి, మళ్ళీ చదివాను.

గాడిదని కాసేపు పక్కన కట్టేసి, అడిగినవాటికి జవాబు రాయి. బండి కదలకుండా ఇంజను ఆడిస్తే కాగుతుందా, ఎక్కేటప్పుడేనా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి చూడు, నీళ్ళు అంచుదాకా ఉన్నాయా, తుప్పు రంగులో ఉన్నాయా? వేడి మీద మూత ముట్టుకోకు. నీ ముఖం అసలే అంతంతమాత్రం, దాన్నీ పోగొట్టుకోకు. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కు, అంగుళం కంటే ఎక్కువ దిగితే వదులైనట్టే. వాగు నీళ్ళు పోయడం మానెయ్యి, అందులో ఒండ్రు లోపల పేరుకుంటుంది.

ఇంకొకటి. రేడియేటరు ముందు గాలికి అడ్డం ఏదైనా ఉందేమో చూడు. ఎండుగడ్డి, ఆకులు, చలికి కట్టి విప్పడం మరిచిపోయిన గోనెపట్టా, ఏదైనా సరే. నీళ్ళు వేడిని మోసుకొస్తాయి, దాన్ని దించుకునేది గాలే. రెండు నెలల కింద బండికి కొత్తగా ఏం చేశావో అదీ గుర్తు చేసుకుని రాయి.

ఇక్కడ వానలకి ఇరవై బస్సులు వరసగా మూలపడ్డాయి. నా గోళ్ళలో గ్రీజు ఇక ఈ జన్మకి పోదు. డిపోలో ఒక పిల్లి ఉంది, ఏ ఇంజను వేడిగా ఉంటే దాని మీదే పడుకుంటుంది. నీ జీపు సంగతి దాని చెవిన వేస్తే రేపే బయలుదేరుతుంది.

వదినకి ఉప్పు తగ్గించమను. నువ్వు దగ్గరుండి చూడు, ప్రసంగం చెయ్యకు.

పొట్టి


జూన్ 22

పొట్టీ,

నీ ఆజ్ఞలన్నీ నెరవేర్చాను. ఇంటి ముందు గంటసేపు ఆడించాను, ముల్లు సగం దాటలేదు. ఎక్కేటప్పుడే దానికి రోగం. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, కాస్త ఎర్రగా. వాగు నీళ్ళు మానేసి కాచి చల్లార్చినవి పోశాను. నా దాహానికైనా నేనెప్పుడూ కాచలేదు. రేడియేటరు ముందు ఒక్క ఆకు కూడా అడ్డం లేదు. మీ వదిన పైనుంచి పాత బ్రష్షు దూర్చి సందుసందూ దులిపింది. రెండు నెలల కింద ఏం చేశావంటావు, ఇంజనులో నేను వేలు కూడా పెట్టలేదు.

సంత దగ్గర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. బెల్టు మార్చాడు, మూత మార్చాడు. పనిమంతుడే, కాదనను. తర్వాత బండికి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, దేవుని వాక్యాన్ని ఒక మాటన్నాడు. అదేమిటో రాయను. దైవదూషణకి నేను తపాలా మొయ్యను. "నీ చెయ్యి నా బండి మీంచి తియ్యి" అని తాళం తీసుకుని వచ్చేశాను. గ్రంథంలో సింహాల గుహలో పడేస్తామన్నా ప్రార్థించినవాడే నోరు మూసుకోలేదు, సంతలో నేను మూసుకుంటానా.

దారంతా మీ వదిన బానెట్టు వైపే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక, "ఆయన చెప్పింది ఒక్కసారి చేసి చూస్తే పోయేదేముంది" అంది.

"నువ్వు కూడానా" అన్నాను.

ఊరుకుంది. ఆమె ఊరుకుంటే ఇల్లంతా ఊరుకుంటుంది, నీకు తెలుసుగా.

బెల్టు మార్చాక ఎనిమిదో మలుపు దాకా వెళ్ళింది. ఒక మలుపు దయచేసినందుకు స్తోత్రం. మిగతా ఆరు మలుపుల సంగతి నువ్వు చెప్పు.

అన్నయ్య


జూలై 2

అన్నయ్యా,

దేవుడి విషయంలో గొడవపడి మంచి మెకానిక్‌ని పోగొట్టుకోకు. నమ్మనివాడు బిగించినా బోల్టు బిగుస్తుంది.

ఇప్పుడు ఇవి చూడు. థర్మోస్టాట్ అని ఉంటుంది, ఇంజను వేడెక్కాక నీళ్ళకి తలుపు తీసే చిన్న బిళ్ళ. దాన్ని విప్పి గిన్నెలో వేసి నీళ్ళు మరిగించు. తెరుచుకుంటే మంచిదే, తెరుచుకోకపోతే దొంగ అదే. ఇంజను ఆడుతుండగా రేడియేటరులో బుడగలు వస్తున్నాయేమో చూడు. ఆయిలు పుల్ల తీసి చూడు, పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఉత్తరాల్లో ఇంజను చూడటం గోడ అవతలి మనిషికి నాడి పట్టినట్టుంది. చేత్తో ముట్టుకుంటే ఒక్క పూటలో తేలిపోయే సంగతి ఇది. నేనే వద్దామంటే వానలు తగ్గేదాకా ఎవరికీ సెలవు లేదన్నారు. అందుకని బండినీ వదిననీ నా దగ్గరికి పంపించు. పాల లారీ కొండ దాటించి లోడు లారీల అడ్డా దగ్గర దింపితే, అక్కడినుంచి రెండు రోజుల ప్రయాణం. జీపుని లారీ మీద ఎక్కించొచ్చు. పెద్దాసుపత్రి మా ఇంటికి రెండు వీధుల దూరం. బండి బాగయ్యేదాకా వదిన నా దగ్గరే ఉంటుంది. నా మంచం కిటికీ పక్కనే, గాలి బాగా వస్తుంది.

ఆలోచించి రాయి. ముందు ఆలోచించు, తర్వాత రాయి. నీకు ఆ వరస తిరగబడుతుంది.

పొట్టి


జూలై 11

చెల్లెలికి,

ఆలోచించే రాస్తున్నాను. బండినీ వదిననీ అని రాశావు. ముందు బండి, తర్వాత వదిన. కలం ఎప్పుడూ మనసులో ఉన్న వరసలోనే రాస్తుంది.

నాన్న పోయిన వారానికి నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. "ఇంజను తెలిసినవాళ్ళ దగ్గర కదా బండి ఉండాలి" అన్నావు, వచ్చినవాళ్ళందరి ముందూ. పదకొండు పల్లెలకి వాక్యం మోసింది ఈ బండి. పురిటి నొప్పుల మనిషిని మోసింది, శవాన్ని మోసింది, పెళ్ళికూతురిని మోసింది. గ్రంథంలో ఒకడు ఆకలికి ఆగలేక గిన్నెడు కూరకి తన జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. నాకంత ఆకలి లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బిళ్ళ గిన్నెలో తెరుచుకుంది, మళ్ళీ బిగించాను. బుడగలు లేవు. ఆయిలు నల్లగా, నికార్సుగా ఉంది. నీ ప్రశ్నలు అయిపోయాయి, నా జవాబులూ అయిపోయాయి. ఇక మిగిలింది ప్రార్థన. అగ్నిగుండంలో పడేసిన ముగ్గురి వెంట్రుక కూడా కమరకుండా కాపాడినవాడికి ఒక రేడియేటరు లెక్కా?

మీ వదిన తనకి రావాలని ఉందని నీకు రాయమంది. రాయమన్నది రాశాను. పంపను.

అన్నయ్య


జూలై 19

అన్నయ్యా,

ఆ మాట నేనన్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. ఆయన వాసన వచ్చే వస్తువు ఏదైనా ఒకటి నాకు మిగలాలనిపించింది, నోటికొచ్చింది బండి. అన్నందుకు పదిహేనేళ్ళుగా సిగ్గుపడుతున్నాను. నీకూ గుర్తుందని తెలియదు.

బండి నాకొద్దు. కాగితం మీద రాసిమ్మంటే రాసిస్తాను.

నా మీద కోపం ఎంతైనా పెట్టుకో, ఆ విషయంలో నీకు అడ్డురాను. ఒక్కటి మాత్రం చెయ్యి. వదినకి ఆయాసం వస్తే జీపు తాళం అందుకునే ముందు పాల లారీ ఊళ్ళో ఉందేమో చూడు.

పొట్టి


ఆగస్టు 16

చెల్లెమ్మా,

మీ వదిన లేదు. ఈ నెల పదో తేదీన వెళ్ళిపోయింది. నీకు కబురు పంపడానికి మనిషి దొరకలేదు. దొరికేసరికి నాకు మాట దొరకలేదు.

పొద్దున తొమ్మిదింటికి బట్టలు ఆరేస్తూ కూర్చుండిపోయింది. పెదాల రంగు చూశాను. పాల లారీ కోసం పరిగెత్తాను. నువ్వు చెప్పావని పరిగెత్తాను, ఈ సంగతి నీకు తెలియాలి. ఆ రోజు అది వచ్చే రోజు కాదు.

జీపులోనే బయలుదేరాం. వడ్రంగి భార్య వెనక కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. మెల్లగా నడిపాను, ముల్లు చూస్తూ నడిపాను. ఏడో మలుపులో ఆవిరి కమ్మేసింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ తీశాను, రెండు బారలు కదిలి ఆగిపోయింది. ఇక చల్లారేదాకా చేసేదేమీ లేదు.

బండి ముందుకెళ్ళి రోడ్డు మీద మోకాళ్ళూనాను. అక్కడ ఆమె రాసిన పలక ఉంది. నీకెప్పుడూ చెప్పలేదేమో. ఈ వేసవిలో ఒక రేకు తెచ్చి నీలం రంగు వేసి, దప్పికగొన్నవాళ్ళని నీళ్ళ దగ్గరికి పిలిచే వాక్యం తెల్లటి అక్షరాలతో తనే రాసింది. ఎదురొచ్చేవాళ్ళు దూరంనుంచే చదువుకోవాలని, జీపు ముఖమంతా నిండేలా నేనే బిగించాను. ఆ పలక మీద అరచెయ్యి పెట్టాను. కాలింది. పెనం మీద పెట్టినట్టు కాలింది. వాక్యం నిప్పు లాంటిదని పాతికేళ్ళుగా ప్రసంగిస్తున్నాను, చేతికి తగలడం అదే మొదటిసారి. చెయ్యి తియ్యలేదు. ప్రభువు జవాబిచ్చాడనుకున్నాను. లేచి వెళ్ళి, "విన్నాడే" అని ఆమెతో చెప్పాను.

"సరే" అంది.

తర్వాత ఇంకేమీ అనలేదు. ఇంజను చల్లారేలోపే ఆమె చల్లబడింది.

అరచేతిలో బొబ్బ ఇంకా మానలేదు. ఆయన విన్నాడా, వినలేదా? విని ఇలా చేశాడా? ఇది అడగడానికి నాకంటే పెద్ద బోధకుడెవరూ ఈ చుట్టుపక్కల లేరు.

అన్నయ్య


ఆగస్టు 24

అన్నయ్యా,

ఇది నీకు పంపను. రాయకపోతే రేపు డిపోలో చేతులు ఆడవు, అందుకని రాస్తున్నాను.

నీ చెయ్యి కాల్చింది వాక్యం కాదు. దాని వెనకున్న రేడియేటరు. గాలి తగలకుండా రేకు మూసేస్తే కొండెక్కేటప్పుడు ఏ ఇంజనైనా అలాగే కాగుతుంది. ఇంటి ముందు ఊరికే ఆడించినప్పుడు పక్క సందుల్లోంచి ఫ్యాను లాక్కున్న గాలి సరిపోయింది కాబట్టి కాగలేదు. సంత మెకానిక్ తియ్యమన్నది ఆ పలకనే. వదిన ఒక్కసారి చేసి చూడమన్నదీ దాన్నే. తన చేత్తో రాసింది తనే తియ్యమంది.

గాలికి అడ్డం ఏదైనా ఉందా అని అడిగాను. ఒక్క ఆకు కూడా లేదన్నావు. నువ్వు అబద్ధం రాయలేదు. నీ కంటికి వాక్యం అడ్డం ఎలా అవుతుంది? ఆ సంగతి నాకు తట్టాల్సింది. నీతో పెరిగినదాన్ని, నీ గోడల మీద, తలుపుల మీద, అన్నం డబ్బా మూత మీద కూడా వాక్యం చూసినదాన్ని. గడ్డి గురించి, గోనె గురించి అడిగాను. పలక ఉందా అని అడగలేదు.

నీకెలా చెప్పను?


ఆగస్టు 25

అన్నయ్యా,

వదిన నాకు జడ వేసిన వేళ్ళు గుర్తొస్తున్నాయి. వానలు తగ్గగానే వస్తాను.

బండి సంగతి. ఆ బిళ్ళ గిన్నెలో సరిగ్గా తెరుచుకుని, ఇంజనులో ఒక్కోసారి ఇరుక్కుంటుంది. ఎంత పెద్ద మెకానిక్‌నైనా మోసం చేస్తుంది. తప్పు దానిదే. నీది కాదు. కొత్తది తెప్పించి వేయించు.

అలాగే వదిన రాసిన పలకని ముందు ఉంచకు. బురద పడి రంగు పోతుంది. టాపు మీద బిగించు, పై మలుపుల్లో వాళ్ళకి కూడా కనబడుతుంది.

వేళకి తిను.

పొట్టి


సెప్టెంబరు 14

చెల్లెమ్మా,

కొత్త బిళ్ళ ఇంకా రాలేదు. సామాన్ల కొట్టులో వచ్చే వారం అన్నారు. పలక మాత్రం నువ్వు చెప్పిన రోజే విప్పి టాపు మీద బిగించాను.

మొన్న మంగళవారం రంపపు మిల్లు కూలీ భార్యకి నొప్పులొచ్చాయి. లారీ లేదు. ఆమెనీ, ఆమె తల్లినీ ఎక్కించుకుని బయలుదేరాను. అయిదో మలుపు. ఆరు. ఏడో మలుపులో నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. ముల్లు చూశాను. సగంలో ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది. సగంలోనే ఉంది. పద్నాలుగో మలుపు దాటి అవతలికి దిగుతుంటే వెనకనుంచి ఆ తల్లి, "దేవుడు బండిని బాగుచేశాడయ్యగారూ" అంది. ఒక్కసారి కాగమని బండిని వేడుకున్నాను. అక్కడే, ఆ దిగుడులో, స్టీరింగు పట్టుకుని వేడుకున్నాను. కాగలేదు.

ఆసుపత్రి ఆవరణలో బానెట్టు మీద చెయ్యి పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుదురు తాకినట్టుంది.

తిరిగొచ్చేటప్పుడు సంత దగ్గర ఆగాను. ఆ మెకానిక్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఆ రోజు నన్నేం చెయ్యమన్నావో ఇంకోసారి చెప్పు నాయనా" అన్నాను. "వద్దండీ, ఇప్పుడెందుకు" అన్నాడు. "చెప్పు" అన్నాను. చెప్పాడు. అది దూషణ కాదు. "దేవుడి మాట ఎక్కడ పెట్టినా దేవుడి మాటేనండీ, దీన్ని ఇక్కణ్ణించి తీసి ఇంకోచోట పెట్టండి" అన్నాడు. ఆ రోజు "తీసి" అన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

నువ్వు నాకోసం అబద్ధమాడావు. బిళ్ళ రాకముందే బండి బాగయింది కాబట్టి తెలిసిపోయింది. అబద్ధం ఎవరికోసమైనా అబద్ధమేనని వందసార్లు బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. నీ ఉత్తరం ముందు పెట్టుకుని గుద్దడానికి చెయ్యి లేపబోయాను, లేవలేదు.

ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. పలక బిగించింది నేనని, తియ్యమన్నవాళ్ళని తిట్టింది నేనని. వడ్రంగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు, అంతే. ఆ తర్వాత ప్రసంగం చెయ్యలేదు. బండి మాత్రం నడుపుతున్నాను, పిలిచినవాళ్ళకి వెళ్తున్నాను.

ఒకటి అడుగుతాను, మళ్ళీ అబద్ధం రాయకు. పలక నాలుగు బోల్టుల మీద ఉంది. పానా ఆ రోజు సీటు కిందే ఉంది. ఏడో మలుపులో మోకాళ్ళూనడానికి బదులు ఆ నాలుగూ విప్పి ఉంటే, ఆమె కొండ దాటేదా?

అన్నయ్య


సెప్టెంబరు 22

అన్నయ్యా,

దాటేది.

అప్పటికే కాగి ఉంది కాబట్టి పదిహేను నిమిషాలు ఆగాల్సొచ్చేది. ఆ తర్వాత మెల్లగా వెళ్తే ఆసుపత్రి గేటు దాకా వెళ్ళేది. లోపల ఏమయ్యేదో నాకు తెలియదు. నేను ఇంజన్ల మనిషిని, గుండెల సంగతి నాకు రాదు. నువ్వు అడిగావు, చెప్పాను. చెప్పి ఊరుకునే చెల్లెల్ని కాదు కాబట్టి ఇదీ విను. నాకు జూన్‌లోనే తెలియాల్సింది. ఒక్క పూట పని అని నేనే రాశాను. రాసి, సెలవు చీటీ చూపించి ఇక్కడే కూర్చున్నాను. వదిన వస్తానందని తెలిశాక కూడా కూర్చున్నాను. నీవి నాలుగు బోల్టులు. నాది ఒక బస్సు టిక్కెట్టు. సంఘం ముందు నా పేరు కూడా చెప్పు.

రేపు పొద్దున బయలుదేరుతున్నాను. సెలవు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఈ ఉత్తరం తపాలాలో వెయ్యకుండా ఇవాళ్టి బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను, అక్కడ పాల లారీకి అందిస్తాడు. బస్సు ఎల్లుండి తెల్లవారేసరికి కొండకి అవతల, ఆసుపత్రి గేటు దగ్గర దింపుతుంది. బండి తీసుకురాగలిగితే తీసుకురా. రాలేకపోతే పరవాలేదు, నడిచి వస్తాను. చీకటి పడకముందే ఇల్లు చేరతాను. కాస్త ఆలస్యమైతే కంగారుపడకు, ఏడో మలుపు దగ్గర కూర్చున్నానని అనుకో.

పొట్టి